తిమ్మిరి విడిచే వేళ

ఎముకల వార్డు ఆయా మూడో మంచం కింద తుడుస్తూ, కుడి తుంటి కలుక్కుమనేసరికి తుడుపుకర్రకి ఆనుకుని నిలబడిపోయింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. చూడటమెందుకు, వార్డంతటికీ తెలిసిన సంగతే. తుంటి కీలు అరిగిపోయింది, మార్చాల్సిందేనని పెద్ద డాక్టరు చెప్పి రెండేళ్లయింది. "చూద్దాం లెండి" అంటూ ఈవిడ తప్పించుకు తిరుగుతున్నదీ రెండేళ్లే. ఈ నెలాఖరులోగా తేల్చుకోకపోతే పనిలోంచి తీసేస్తామని మొన్న ఖరాఖండిగా చెప్పేశారు.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. తుంటి మార్పించుకుని వచ్చినవాళ్లు మొదటిరోజు పెట్టే కేకలు పాతికేళ్లుగా విన్న చెవులవి. ఆరడుగుల లారీ డ్రైవరొకాయన ఆమె చెయ్యి పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. వారం క్రితం కొత్త మత్తు డాక్టరమ్మ వచ్చింది. స్కానింగు తెరమీద చూసుకుంటూ గజ్జల్లో నరం పక్కన సూదిమందు పెడుతుందట, ఆపరేషనయ్యాక కూడా పూటకు పైగా ఆ నరం నోరు మెదపదట. ఆ సూది పడిన మొదటి మనిషి మూడో మంచం మీది కుట్టుపని టీచరమ్మ. ఆపరేషను నిన్న సాయంత్రం అయింది. మరి ఆ మందు పని అయిపోయాక మాటేమిటి? అది కళ్లారా చూస్తే గానీ ఆయా నమ్మే రకం కాదు.

టీచరమ్మ మాత్రం హుషారుగా ఉంది. "ఈ కాలు నాది కానట్టే ఉంది. కాస్త పట్టుకో, బాత్రూముకి వెళ్లొస్తాను."

"అది ఇంకా నిద్ర లేవలేదమ్మా. దాన్ని నమ్ముకుని దిగితే ఇద్దరం నేలమీదుంటాం," అంటూ ఆయా బెడ్‌పాను పెట్టి, కాళ్ల మధ్య దిండు సరిచేసింది.

పదింటికి దుప్పటి మారుస్తుంటే తలగడ కింది నుంచి రెండు మాత్రలు రాలాయి. పొద్దున సిస్టరు ఇచ్చినవి.

"నొప్పే లేనప్పుడు మాత్రలెందుకమ్మా, కడుపు పాడవడానికా?" అంది టీచరమ్మ.

ఆయా మాత్రలు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఊరుకుంటే అసలు నొప్పి ఎంతో ఇవాళే తేలిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే సిగ్గేసింది. గబగబా వెళ్లి సిస్టరుకి చెప్పింది. ఇద్దరూ తిరిగి వచ్చేసరికే టీచరమ్మ ముఖం పాలిపోయి, దుప్పటి అంచు పిడికిట్లో నలుగుతోంది.

"వచ్చేసింది," అంది పళ్లబిగువున.

సిస్టరు గట్టిగా చీవాట్లు పెట్టి, మాత్రలు మింగించి, ఓ ఇంజెక్షను కూడా ఇచ్చింది. ఆయా స్టూలు లాక్కుని కూర్చుని గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయింది. పది నిమిషాలయింది, పావుగంటయింది. అరగంట దాటుతుండగా పిడికిలి వదులయింది.

"నాకోసం అబద్ధం చెప్పకండి. ఎంతుంది?" అనడిగింది ఆయా.

"ఉంది. పన్ను సలిపినట్టుంది. ఓర్చుకోవచ్చు. పొద్దున్నే మింగుంటే ఇంత అయ్యేది కాదు, నా మొండితనం." ఊపిరి పీల్చుకుని అడిగింది. "ఇంతకీ నీ కాలికేమైంది? నిన్నట్నుంచీ చూస్తున్నా."

"నొప్పి," అంది ఆయా. ఆ వార్డులో ఆ మాట తన గురించి పైకి అనడం ఆమెకి అదే మొదటిసారి.

అస్సలు నొప్పి లేదని టీచరమ్మ చెప్పి ఉంటే ఆయా నమ్మేది కాదు. ఉంది అన్నందుకే నమ్మింది. సాయంత్రం డ్యూటీ దిగుతూ మత్తు డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడింది.

"ఆ నరం సూది నాకూ పెడతారా?"

"పెడతాను. మాత్రలు దాచకుండా మింగుతావా?"

"దాచినా వెతికి పట్టుకునేదాన్ని నేనే కదమ్మా."

వచ్చే సోమవారానికి ఖాయం చేశారు. ఆ రోజు పొద్దున స్ట్రెచరు తెస్తే ఆయా ఎక్కనంది. "పాతికేళ్లు తోసినదాన్ని, దీనిమీద పడుకుంటే నాకే నవ్వొస్తుంది," అంటూ గోడ పట్టుకుని తానే నడిచింది. థియేటరు తలుపు ఆమె వెనక మెల్లగా మూసుకుంది.

గడప ఇవతల ఆమె రబ్బరు చెప్పులున్నాయి. ఎడమది ఇంకా మందంగానే ఉంది, కుడిది మాత్రం బయటి అంచున కాగితమంత పల్చగా అరిగిపోయింది.