డాక్టరమ్మ గీత గీసిన మాట

కృష్ణగిరి ఆసుపత్రిలో డాక్టరమ్మ మా మంజు చీటీ మీద ఒక ఇంగ్లీషు మాట రాసి, కింద గీత గీసింది. క్రిప్టోజెనిక్. అదేమిటని అడగడానికి నాకు నోరు రాలేదు. 2003 నాటి సంగతి. తొమ్మిదేళ్ల పిల్లకు ఐదు నెలలుగా మూర్ఛలు. అంతకు మూడు నెలల ముందు, టమాటా మండీకి ఆలస్యమైందని తొందరపడి తోలి, కుందారపల్లి మలుపులో మోపెడ్ మీది నుంచి పిల్లను పడేశాను. తల రోడ్డుకు తగిలింది. ఆ సంగతి మా ఆవిడ నళినికి కూడా చెప్పలేదు. ఆ మాటలో నా తప్పే రాసి ఉందేమోనని భయం.

తల్లినీ పిల్లనూ బల్ల మీద కూర్చోబెట్టి, టీ తాగొస్తానని చెప్పి బయటపడ్డాను. కాలు కాలిన పిల్లిలా బజారంతా తిరిగాను. మందుల షాపతను చీటీ చూసి "నరాల జబ్బన్నా" అన్నాడు. అతనికి తెలియదు, తెలియదని ఒప్పుకోడు. చివరికి జెరాక్సు అంగడి ఈశ్వరప్ప దొరికాడు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి.

"గ్రీకు నుంచి వచ్చిన మాటప్పా ఇది. క్రిప్టో అంటే దాగినది, జెనిక్ అంటే పుట్టుక. యాడ పుట్టిందో కనపడని జబ్బు అని. డాక్టర్లు దీన్ని ఊరికే రాయరు. అంతా వెతికి, అందర్నీ అడిగి, కారణం చిక్కకపోతేనే రాస్తారు."

"అంటే వాళ్లకి తెలీదనా, సార్?"

"తెలీదనే! ఆ ముక్క చెప్పేదానికి గ్రీకు దాకా పోయినారు." ఆయన పకపకా నవ్వాడు.

నేను బతికిపోయినట్టే. కానీ నవ్వలేకపోయాను. ‘అందర్నీ అడిగి’ అన్నాడాయన. నన్నూ అడిగారు. పిల్ల ఎప్పుడైనా పడిందా అని మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ లేదన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు ఎనిమిది నెలలు నోరు మూసుకున్నాను. అంత చదివినవాళ్లు వెతుకుతున్నది నా దగ్గరే ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

పరుగున వెనక్కి పోయి డాక్టరమ్మ ముందు నిలబడ్డాను. నళిని కంగారుగా పిల్లను తీసుకుని నా వెనకే లోపలికి వచ్చింది.

"పాప పడిందమ్మా. నేనే మోపెడ్ మీంచి పడేసినాను. తలకి తగిలింది."

నళిని నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"స్పృహ తప్పిందా?" అని అడిగింది డాక్టరమ్మ. ఆ కంగారులో నాకేమీ గుర్తు లేదు. ఆవిడ మంజు వైపు తిరిగింది. "నీకేమైనా గుర్తుందా పాపా?"

మంజు ఆవిడ వైపు చూడలేదు. నా చొక్కా పట్టుకుని లాగింది.

"నాయనా, ఇప్పుడు చెప్పొచ్చునా?"