పైడితల్లి వాళ్ళమ్మ చిక్కుడు

జీవరత్నమ్మకు జీడిపిక్క తప్ప మరో గింజ తెలియదు. పదిహేనేళ్ళు కాశీబుగ్గ బట్టీలో పిక్కలు కొట్టింది. జీడి నూనెకు వేళ్ళు నల్లబడి, ఎంత బూడిద పూసి తోమినా మామూలు రంగుకు వచ్చేవి కావు. ఇక పెరడంటారా, పేరుకే పెరడు. అందులో ఏపుగా పెరిగేది పల్లేరు ఒక్కటే. దాన్ని ఎవరూ నాటక్కర్లేదు, నీళ్ళూ పొయ్యక్కర్లేదు. భర్త హెన్రీ రైల్వే గ్యాంగులో పని ముగించుకుని వచ్చి, అరికాల్లో ముళ్ళు తీసుకుంటూ, "పంట బాగా పండింది రత్నం, కోతలెప్పుడేటి?" అని ఎగతాళి చేసేవాడు.

తొంభై తొమ్మిది తుఫానుకు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయి. కంచిలి అవతల ఒక పల్లెలో కూర్మారావు తోట కూడా పోయింది, ఇల్లూ పోయింది. మాఘమాసంలో అతను భార్య పైడితల్లిని తీసుకుని వచ్చి, జీవరత్నమ్మ ఇంటి వెనక గదిలా కట్టిన పంచలో అద్దెకు దిగాడు. అతనికి ఒక బట్టీలో కాపలా పని దొరికింది. వాళ్ళ సామానంతా ఒక ట్రంకు పెట్టె, నాలుగు గిన్నెలు, మూతికి గుడ్డ కట్టిన ఎండు ఆనపబుర్ర. అంతే.

పైడితల్లి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వచ్చిన మూడు రోజులూ గుమ్మంలో కూర్చుని పల్లేరు మొక్కల వంక చూసింది. నాలుగో రోజు పొద్దున్నే లేచి, చీర ఎగ్గట్టి గునపం అడిగింది.

"ఓలమ్మో, ఇంత నేలెట్టుకుని కూరలు సంతలో కొంతన్నావేటే?" అంది. ఆవిడ నోట జీవరత్నమ్మ విన్న మొదటి పెద్ద మాట అదే.

"నా సెయ్యి మంచిది కాదప్పా. ఏదేసినా సచ్చిపోద్ది," అంది జీవరత్నమ్మ, వయసులో పెద్దదని అక్క వరస కలిపి.

"సెయ్యి కాదు, సూపు. మొక్కేసి మొకం సూడకపోతే అదేటి సేత్తది? సావక."

అలా మొదలైంది చదువు. వేసవి వస్తూండగానే తోటకూర చల్లించింది, ఆనపపాదు పెట్టించింది. రోహిణి ఎండలకు తీగ వాడిపోతే జీవరత్నమ్మ గాభరాపడి మిట్టమధ్యాహ్నం బిందెతో పరుగెత్తింది. పైడితల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. "కాగిన గంజి పసిపిల్ల నోట్లో పోత్తావేటే? పొద్దు గూకనీ." తీగ పందిరి ఎక్కగానే దాని కొస తుంచెయ్యమంది. బంగారంలాంటి తీగను తుంచడానికి జీవరత్నమ్మకు ప్రాణం ఒప్పలేదు. తుంచాక పక్కకొమ్మలు వేసి, ఆ కొమ్మలకే పిందెలు వచ్చినప్పుడు నోరు వెళ్ళబెట్టింది. బియ్యం కడుగు పారబొయ్యడం మానేసి పాదులకు పొయ్యసాగింది. కాకర గింజలు రాత్రి నానబెట్టి వేస్తే వారానికే మొలిచాయి. ధనియాలు చెప్పు కింద నలిపి చల్లాలని తెలిశాక, ఇన్నేళ్ళూ అవి మొలవకపోవడం తన చేతి పాపం కాదని తేలింది. ఆ రోజు ఆవిడకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేం.

ఆదివారం చర్చిలో స్త్రీల కూడికలో అందరూ జబ్బులు నయమయ్యాయనీ, పిల్లలకు పనులు దొరికాయనీ సాక్ష్యాలు చెబుతుంటే, ఈవిడ లేచి తమ పెరట్లో ఆనపకాయ కాసిందని చెప్పి దేవునికి స్తోత్రం చెప్పింది. వెనక వరసలో నవ్వారు. నవ్వితే నవ్వనీ. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి తన చేత్తో మొదటిసారి ఒక కాయ కాయిస్తే చిన్న సంగతా?

ఆషాఢంలో వానలు పడ్డాక పైడితల్లి ఆనపబుర్ర మూతి విప్పింది. లోపల బూడిదలో కలిపిన చిక్కుడు గింజలు.

"మా యమ్మ సిక్కుడు," అంది. "ఊదా పువ్వు పూత్తాది. పొయ్యి మీద ఉట్టికి కట్టి ఉండీది. గోడ కూలినా బుర్ర పగల్లేదు. గింజ పాతబడిపోతంది రత్నం, ఈ యేడు మొలకెత్తకపోతే ఇంక ఎత్తదు."

అన్నీ వేసేసింది. ఏడు మొలిచాయి. రోజూ లేవగానే పైడితల్లి ముందు ఆ ఏడింటి దగ్గరికి వెళ్ళి, తర్వాతే మొహం కడుక్కునేది. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళు. ఇల్లు పోయింది, తోట పోయింది. అమ్మ చేతిదంటూ మిగిలినవి ఆ ఏడు మొక్కలే.

శ్రావణంలో టెక్కలిలో కూతురు నీళ్ళాడితే, పురిటి సాయానికి పైడితల్లి పది రోజులకని వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "మొదళ్ళ దగ్గర కలుపు రాకండా ఏదైనా కప్పాల రత్నం. మా ఊర్లో అయితే కొబ్బరి పీసు కప్పుదుం," అంది. అనకపోయినా బాగుండును.

కాశీబుగ్గలో కొబ్బరి పీచు ఎక్కడుంది? జీడితొక్క ఉంది. బట్టీ వెనక కొండలా ఉంది. అక్క వచ్చేసరికి పెరడంతా శుభ్రంగా కప్పి ఆశ్చర్యపరచాలని జీవరత్నమ్మ రెండు గోనెల పచ్చితొక్క మోసుకొచ్చింది. ఏడు మొక్కల చుట్టూ మెత్తగా పరిచింది. అక్కడితో తృప్తిలేక ఇంకో తట్ట గుమ్మరించింది. ఆ తొక్కలోని నూనె మనిషి చర్మాన్ని ఎంత కాలుస్తుందో ఊరందరికంటే ఆవిడకే బాగా తెలుసు. తన వేళ్ళే చెబుతున్నాయి. అయినా, అది చేతికే గాని నేలకేం తెలుస్తుందిలే అనుకుంది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

రెండు రోజులు జోరువాన కురిసింది. మూడో రోజుకు ఆకులు వేలాడాయి. ఐదో రోజుకు కాడలు మొదలంటా నల్లబడ్డాయి. జీవరత్నమ్మ ఏడుస్తూ తొక్కంతా చేతులతో ఎత్తి పారబోసింది, నీళ్ళు కుమ్మరించింది, ప్రార్థన చేసింది. ఏడుకి ఏడూ పోయాయి.

పైడితల్లి వచ్చి చూసింది. జీవరత్నమ్మ అంతా చెప్పి, కాళ్ళ మీద పడబోయింది. పైడితల్లి పట్టుకుని లేపింది. ఎండిన కాడలు ఒక్కొక్కటే పీకి గోడ పక్కన పెట్టి, పంచలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి పెరట్లోకి రాలేదు. ఆనపతీగకు నీళ్ళు జీవరత్నమ్మే పోసుకుంది.

"తిట్టినా బాగున్ను. జుత్తట్టుకుని కొట్టినా బాగున్ను," అని జీవరత్నమ్మ హెన్రీ దగ్గర కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. హెన్రీ ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

వారం చూసి, కూర్మారావు డ్యూటీకి వెళ్ళే వేళ దారి కాచి అడిగింది. "బావా, మీ అత్త ఆ గింజలు ఊర్లో ఇంకెవులికైనా ఇచ్చిందేటి?"

"అడిగినోళ్ళకల్లా ఇచ్చీది. ఉంటే నూకమ్మ కాడుండాల. ఉంటాయని మాత్రం నమ్మకం లేదు రత్నం. తుఫాను ఎవుల్నీ వదల్లేదు."

మర్నాడే బయల్దేరింది. కంచిలికి బస్సు, అక్కడి నుంచి ఆటో, తర్వాత మూడు మైళ్ళు నడక. మొదలంటా పడిపోయిన చెట్ల మధ్య కొత్తగా నాటిన కొబ్బరిమొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. ఆ ఊళ్ళో ఆవిడకు పురుగు కూడా తెలియదు. ఇంటింటికీ వెళ్ళి, "పైడితల్లి వాళ్ళమ్మ సిక్కుడు గింజలున్నాయా అమ్మా?" అని అడుక్కుంది. గింజలు ఎవరి దగ్గరా లేవు. కానీ ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. "పైడితల్లి బాగుందా? ఎక్కడుంది? ఒక్కపాలి రమ్మను." ఒకావిడ మజ్జిగ ఇచ్చింది. ఒకావిడ అన్నం తినకపోతే కదలనివ్వనంది.

తుఫానుకు పాత ఇల్లు కూలి ఊరి చివర ఇంకో ఇంటికి మారిన నూకమ్మ సాయంత్రానికి గాని దొరకలేదు. చూపు మందగించిన ముసలమ్మ. కోడలు దుర్గాదేవి చేత అటక మీది డబ్బా దింపించి, లోపల తడిమి, గుప్పెడు గింజలు తీసింది.

"ఇయ్యే. పైడితల్లి అమ్మ ఇచ్చినియ్యే. ఈ సేత్తోనే తీసుకున్నాను."

జీవరత్నమ్మ వాటిని కొంగున ముడివేసి, ఎవరో లాక్కుంటారన్నట్టు దారంతా ఆ ముడి పట్టుకునే కూర్చుంది. బస్సులో ఉండబట్టలేక "స్తోత్రం ప్రభువా!" అని గట్టిగా అనేసింది. కండక్టరు తిరిగి, "ఇక్కడ దిగాలా ఏటమ్మా?" అన్నాడు.

పైడితల్లి గింజలు అరచేతిలో పోసుకుని దీపం దగ్గర చాలాసేపు చూసింది. జీవరత్నమ్మ దీపం వత్తి కాస్త పెంచింది. పైడితల్లి గుప్పెట మూసింది.

"మా ఊరెల్లినావా?"

"ఎల్లినానప్పా. అందరూ నిన్ను అడిగినారు. ఒక్కపాలి రమ్మన్నారు."

పైడితల్లి కళ్ళు తుడుచుకుని, "గింజలు బాగున్నాయి. రేపు తెల్లారగట్ట గునపం తీసుకురా," అంది.

కాలిన మట్టంతా తవ్వి పోసి, చెరువు మట్టి, పేడ ఎరువు నింపి, గోడవారన కొత్త పాదులు పెట్టారు. భాద్రపదం వచ్చేసింది, ఆలస్యమైపోయిందని జీవరత్నమ్మ భయపడితే, "సిక్కుడు ఎప్పుడేసినా సలి ముదిరితేనే పూత. కంగారెట్టకు," అంది పైడితల్లి. చలి మొదలయ్యాక ముల్లంగి, టమాటా, వంగ వేశారు. చిక్కుడు లేతకొసలకు పేనుబంక పడితే, పొద్దున్నే మంచు ఆరకముందు పొయ్యిబూడిద చల్లడం నేర్చుకుంది జీవరత్నమ్మ. పంచ తలుపు మళ్ళీ తెరిచే ఉంటోంది. అది చాలనుకుంది.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున పందిరి మీద మొదటి గుత్తులు విచ్చాయి. జీవరత్నమ్మ పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని చూసి, అలాగే నిలబడిపోయింది. పువ్వు తెల్లగా ఉంది. పక్క తీగ చూసింది. అదీ తెలుపే. అన్నీ తెలుపే.

పరుగెత్తుకెళ్ళి పైడితల్లిని లేపింది. "అప్పా, ఊదా పువ్వు కాదు! ఇది మీ యమ్మ సిక్కుడు కాదప్పా!"

పైడితల్లి తాపీగా జుట్టు ముడేసుకుంది. "తెలుసు."

"తెలుసా?"

"మా యమ్మ గింజ నల్లగుంటాది. నువ్వు తెచ్చినియ్యి గోధుమరంగు. ఆ రేతిరే సూసినాను. నూకమ్మ కంటికి కొబ్బరికాయా తాటికాయా ఒకటే."

"మరి సెప్పలేదేటి? నాను మళ్ళీ ఎల్లేదాన్ని గదా!"

"అందికే సెప్పలేదు. ఎల్తావని తెలుసు. లేందాని కోసం ఎన్నూళ్ళు తిరుగుతావు?" పైడితల్లి ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "కోపం రానేదని అనను. కడుపు మండిపోయింది. కానీ సూడు రత్నం, తుఫాను పోయిన కాణ్నించి ఆ ఊరి పేరెత్తడానికి నాకు నోరు రానేదు. నువ్వెల్లి నా పేరు సెప్పుకుని ఇంటింటికీ అడుక్కున్నావు. నాను బతికున్నానని ఆళ్ళకి తెలిసింది, ఆళ్ళకి నాను కావాలని నాకు తెలిసింది. నా కోసం అలా తిరిగే మనిషి మా యమ్మ తరవాత ఇంకెవులున్నారు?"

జీవరత్నమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. హెన్రీ లేచి వచ్చి, ఏం జరిగిందో తెలియక, ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చాడు.

ఆ చిక్కుడు విరగకాసింది. సంక్రాంతి పోయాక కూడా కాసింది. చర్చికి ఇచ్చారు, గ్యాంగు వాళ్ళకు ఇచ్చారు, మిగిలినవి తీగ మీదే ముదరనిచ్చి విత్తనానికి ఎండబెట్టారు.

మాఘంలో నూకమ్మ కోడలు దుర్గాదేవి పైడితల్లిని చూడ్డానికి వచ్చింది. వెనక పంచలో కబుర్లు వినిపిస్తున్నాయి. వంటింట్లో జీవరత్నమ్మ కూర తరుగుతోంది.

"ఈ గింజలు పట్టికెల్లు. ఊర్లో అందరికీ పంచు," అంటోంది పైడితల్లి.

"ఇయ్యి మీ యమ్మవేనా పిన్నీ?"

"మా యమ్మది పోయిందమ్మా. ఇది రత్నం సిక్కుడు. ఎవులడిగినా అదే పేరు సెప్పు, మార్సకు."

కత్తిపీట మీద జీవరత్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎలాగెయ్యాల పిన్నీ, ఎప్పుడెయ్యాల?"

"నన్నడుగుతావేటి? ఆవిడిది గదా, ఆవిణ్ణే అడుగు. ఓలె రత్నం! ఇలా రా."

జీవరత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళి దుర్గాదేవి పక్కన కూర్చుంది. ఒక గింజ తీసి ఆమె అరచేతిలో పెట్టి, "ఏసినాక మొదట్లో జీడితొక్క మాత్రం కప్పకు," అని మొదలుపెట్టింది.