ఆదివారం పడవ పాట

డాక్యుమెంటరీ అంటే ఏముంది, డాక్యుమెంట్లుంటాయి కానీ హీరో ఏరీ, హీరోయిన్ ఏరీ, ఆ ఏరీ ఏరీ అని వెతుక్కోవడానికే డాక్యుమెంట్-ఏరీ అన్నారు, వేదికెక్కగానే ముందు ఇది వదలాలి, హాలు గొల్లుమంటుంది, అనుకుని పాత రికార్డుల షాపాయన తొడ మీద తాళం వేసుకుంటుంటే తెర మీద కూతురి పేరు పడింది, కూతురు తీసిన మొదటి సినిమా, పేరు అమ్మ గది, అంటే వాళ్లావిడ బట్టలు కుట్టే గది, అదవగానే మొగుడూ పెళ్లాలిద్దర్నీ వేదిక మీద కూర్చోబెట్టి ఇష్టమైన సినిమాలూ పాటలూ చెప్పమంటారు, ఆవిడేం చెబుతుంది పాపం, ఇద్దరి వాటా తనే చెప్పాలి, తనకు కోర్టు సీనంతా హీరో ఒక్క ఊపిరిలో లాగించే ఆ నలుపు తెలుపు సినిమా, ఆవిడకు పడవ పాట, నది నడుమ తెడ్డు ఆపేసి పాడతాడే అది, పడవ పాట పాడవే అంటే పడవే పాడుతుందేమిటే అని పెళ్లైన కొత్తల్లో వేసిన జోకుకు ఇప్పటికీ చిల్లు పడలేదు, ఆవిడ కోసం ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ రికార్డు వేస్తాడు, ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు, ఆవిడకు తప్ప, అదిగో తెర మీద ఆవిడే, కాలరు కుడుతోంది, అమ్మా నీకే సినిమా ఇష్టమే అని కెమెరా వెనక నుంచి కూతురు అడిగింది, మిషను ఆగింది, ఆవిడ నోరు తెరిచింది, ఇంతలో పక్క గదిలోంచి తన గొంతే, మీ అమ్మకు సినిమాలేమిటే, కుట్టు తప్ప కునుకే లేదు, అది కుట్టు మిషను కాదు, నన్ను లోపలికి రానివ్వని కుట్ర మిషను, హాలంతా నవ్వింది, పక్క సీట్లో వియ్యంకుడు మోచేత్తో పొడిచి, బావగారూ, కనబడకుండానే కొట్టేస్తున్నారండీ చప్పట్లు, అన్నాడు.

అది ఒకసారి, సరే, కానీ మళ్లీ కూతురు అడిగింది, మళ్లీ ఆవిడ నోరు తెరిచింది, మళ్లీ ఆ గొంతు, ఈసారి వెనక వరసలో ఎవరో సగం నవ్వి ఆపేశారు, మూడోసారి ఒక్కరూ నవ్వలేదు, చిన్నప్పుడు ఏం పాడుకునేదానివమ్మా అంటే ఆవిడ సూది పక్కన పెట్టి ఇష్టంగా ముందుకు వంగితే పాటలేమిటే అన్నీ పాట్లే అంటాడేం వీడు, నోరు ముయ్యరా, అనేశాడు లోపల, తనను తనే, చెమట పట్టింది, లేచి పోదామంటే ఎడమ పక్క ఆవిడ, కుడి పక్క వియ్యంకుడి పొట్ట, ఆ పొట్ట దాటితే వరసంతా మోకాళ్లు, పైగా లేస్తే వెనక నుంచి వచ్చే వెలుగులో తన తలకాయ నీడ సరిగ్గా తెర మీది ఆవిడ మొహానికే తగులుతుంది, ఇక్కడా అడ్డమేనా, చిత్రం చూడ్డం కాదిది చిత్రవధ, తెర అనుకుని వస్తే చెర, ఛీ, ఇప్పుడు కూడా ప్రాసేనా, బావగారూ, ఒంట్లో బాగానే ఉందా అండీ, ఆఁ ఉందండీ, ఉక్కపోత.

తెర మీద ఆదివారం, రికార్డు తిరుగుతోంది, తెడ్డు ఆగింది, పాట మొదలైంది, ఆవిడ పెదాల మధ్య గుండుసూదులు తీసి, గుమ్మం వైపు తిరిగి, కాస్త గట్టిగానే అంది, ఏవండీ, తీసివెయ్యండి, అవతలి నుంచి తన గొంతు ఉత్సాహంగా, వస్తున్నా వస్తున్నా, తీసి వేస్తున్నా, విన్నావుటే మీ అమ్మ ముచ్చట, మళ్లీ మొదటి నుంచి కావాలిట, ముల్లు లేచిన చప్పుడు, దిగిన చప్పుడు, పాట మొదటికొచ్చింది, కూతురు కెమెరా కదపలేదు, ఆవిడ కళ్లు మూసుకుని పాట అయిపోయేదాకా అలాగే కూర్చుంది, వానకు చూరు కింద నిలబడ్డ మనిషిలా, ఎన్ని ఆదివారాలు, ఇన్నేళ్లూ ఆవిడ తీసివెయ్యండి అంటే తను తీసి, వెయ్యండి అని విన్నాడు, మధ్యలో చీలిక పెట్టి విన్నాడు, ఎవరి మాటైనా చీల్చందే వదలని చెవి కదా.

దీపాలు వెలిగాయి, నిర్వాహకుడు వేదిక మీద నుంచి రండి సార్ అంటున్నాడు, చప్పట్లు, వియ్యంకుడు పొట్ట లోపలికి లాక్కుని దారిచ్చాడు, ఆయన లేవలేదు, ఆవిడ వైపు తిరిగి, నీకే పాట ఇష్టమోయ్, అన్నాడు, అని ఊరుకున్నాడు, వెనకాల ఇంకేదో జోకు వస్తుందేమోనని ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ ఆగింది, ఆ చూపు కింద ఆయన నాలుక మొదటిసారి ఖాళీగా ఉంది, ఎవరేమన్నా రెండర్థాలు లాగాడు జీవితమంతా, ఒక్కో మాటకు ఒక్క అర్థమే పెట్టి మాట్లాడిన మనిషి ఇంట్లోనే ఉంటే, ఆ ఒక్కటీ వినలేదు.