వంతు పరుగు

శివారు పల్లెలో పుట్టినవాళ్ళకి కాలవ నీళ్ళు వంతుల మీదే తెలుసు. వచ్చిన రోజునే మడి నిండా పెట్టుకోవాలి, మళ్ళీ ఎప్పుడొస్తాయో దేవుడికెరుక. రాహేలు తన కొడుకు పరుగునీ అలాగే లెక్కకట్టింది. నాట్లేసి బతికిన మనిషి, ఇంకెలా కడుతుంది?

ఆమె కొడుకు ఉదయ్ కిరణ్ నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా. ఇంటికొచ్చేది ఆదివారం ఒక్కరోజే. కానిస్టేబుల్ సెలక్షన్లు బందరులో జరుగుతాయి. వయసు దాటిపోతోంది కనుక ఇదే ఆఖరిసారి. ఎత్తు ఉంది, ఛాతీ ఉంది, దూరం పరుగొక్కటే గండం. అందుకని ఆదివారం తెల్లవారగానే కాలవ గట్టెక్కి, వారం పరుగంతా ఒక్క పూటలో పరిగెత్తేవాడు. ఆ తర్వాత చర్చిలో పాటకి లేచి నిలబడితే కాళ్ళు వణికేవి.

హైస్కూలు డ్రిల్లు మాస్టారు సత్తయ్యగారు ఒకసారి ఆపి మరీ చెప్పారు. “వారానికోసారి అంత పరుగు వద్దురా అబ్బాయ్. రోజు విడిచి రోజు అరగంట చాలు. ఊపిరి నిలబడ్డాక కొంచెం కొంచెం పెంచుకో. ఎముకకి కూడా అలవాటవ్వాలి కదా.”

సరేనని చెరువు గట్టు మీద ఆ ముచ్చటా తీర్చుకోబోయాడు. రొయ్యలు బెదిరి మేత మానేస్తున్నాయని యజమాని కసిరాడు. రొయ్యకున్న విలువ మనిషికెక్కడిది! మళ్ళీ ఆదివారమే గతి అయింది.

సెలక్షన్లు దగ్గరపడ్డాక ఒక ఆదివారం ఉదయ్ మంచం దిగలేదు. మోకాలి కింద ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోతోందన్నాడు.

“ఈ వారం మానేస్తానే అమ్మా.”

“మానేస్తే మళ్ళీ వారం దాకా ఏదిరా? నొప్పి లేకుండా ఉద్యోగాలొస్తాయా? మీ నాన్న పోయిన వారానికే నాట్లలో దిగాను, నాకు లేదా నొప్పి?”

ఆ మాట విన్నాక ఎవడు పడుకుంటాడు? లేచాడు. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనెతో రాహేలే కాలు రుద్ది పంపింది. కుంటుతూ గట్టెక్కుతున్న కొడుకుని చూసి, ఎంత కష్టపడుతున్నాడో అని మురిసిపోయింది కూడా.

బందరు గ్రౌండులో తాడు అవతల నిలబడి ఆమె చూస్తోంది. ఉదయ్ ముందు గుంపులోనే ఉన్నాడు. ఆఖరి చుట్టులో ఉన్నట్టుండి కాలు మడతపడి కూలబడ్డాడు. లేచి రెండడుగులేసి మళ్ళీ పడ్డాడు. వెనకున్నవాళ్ళంతా పక్కనుంచి వెళ్ళిపోయారు.

ఎక్స్‌రే చూసిన డాక్టరు విసుక్కున్నాడు. “ఎముక బీటిచ్చి చాలా రోజులైందయ్యా. అప్పుడే ఆపేసుంటే అతుక్కునేది. నొప్పి తెలీలేదా?”

“తెలీలేదండీ,” అన్నాడు ఉదయ్.

పక్కనే ఉన్న రాహేలు తలెత్తలేదు.

కట్టుతో ఇంటికొచ్చాక చూడవచ్చిన ప్రతివాళ్ళకీ గ్రౌండులో కాలు జారిందనే చెప్పాడు. సత్తయ్యగారికీ అదే చెప్పాడు. ఈలోగా చెరువు మీద వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నారని కబురొచ్చింది.

కంచంలో అన్నం పెడుతూ రాహేలు ఇక పట్టలేకపోయింది. “నన్ను తిట్టరా, నోరారా తిట్టు.”

“నిన్నెందుకమ్మా? నా మంచికేగా చెప్పావు,” అన్నాడు ఉదయ్, పులుసు కలుపుకుంటూ.

తిట్టి ఉంటే ఏడ్చి కాస్త తేలికపడేది. కొడుకు మంచితనానికి ఆమెకి ఏడుపు కూడా రాలేదు.