నా ఓటీపీ ఆయన ఫోన్‌కు

మామిడికాయ ముక్కలు తుడుస్తున్నాను. తొక్కు పెట్టే రోజు మా ఇంట్లో పెళ్లికున్నంత పని. పెళ్లికైతే నలుగురు వచ్చి చేయి వేస్తారు, దీనికి నేనొక్కదాన్నే. మా అత్తమ్మ గౌరవ్వ మంచం మీద కూర్చొని ఏ ముక్కకు తడి మిగిలిందో చూపిస్తూ ఉంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, కాబట్టి నేనేమీ అనను.

"ఈసారి మళ్ల అప్లై చేస్త అత్తమ్మా," అన్నాను.

"దేనికి?"

"ఎంఏకు. నిరుడు పరీక్ష రాసిన గద, ఆంత్రపాలజీ."

"గా మనుషుల సదువేనా? ఇంట్ల గింతమందిమి ఉన్నం. మమ్ముల సూసుడు సాలుతలేదా నీకు?"

నాకు నవ్వొచ్చింది. నేను చూస్తున్నది వీళ్లనే కదా! యాటకూర వండిన రోజు మెత్తటి ముక్కలు ఎవరి కంచంలోకి పోతాయో చూస్తాను. ఇన్నేళ్లలో అత్తమ్మ ఒక్కసారీ కార్జం ముక్క వేసుకోలేదు, "నాకు సయించది" అంటుంది. నిజంగా సయించదా, ఎవరూ వేయక అలా అనడం అలవాటైందా? ఇలాంటివి అడగడం నాకు చిన్నప్పటి రోగం. మాది మహారాష్ట్ర సరిహద్దులో మద్నూర్. మా అవ్వ బేరమాడితే మరాఠీలో, తిడితే తెలుగులో. "ఎందుకే అవ్వా?" అంటే "నోరు మూసుకొని పని సూడు" అనేది. కామారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు ఎస్తేర్ మేడమ్ ఒక్కరే నన్ను నోరు మూసుకోమనలేదు. "నువ్వు అడిగేవాటికి ఒక సబ్జెక్టే ఉంది అనిలా, ఆంత్రపాలజీ అంటారు," అని చెప్పింది. ఫైనల్ ఇయర్‌లో పెళ్లయింది. ఎల్లారెడ్డికి వచ్చాను, పరీక్షలు ఇక్కడి నుంచే పోయి రాశాను. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. పేరెంట్స్ మీటింగ్ ఉందంటే సార్లు కుర్చీల్లో కూర్చుంటారు, మేము ముగ్గు వేసి చాయ్ పెడతాం. "మేడమ్‌లైతే నీట్‌గ చేస్తరు," అని మా ప్రిన్సిపాల్ మెచ్చుకుంటాడు కూడా.

నిరుడు నిజామాబాద్ పోయి ఎంట్రన్స్ రాసి వచ్చాను. బాగా రాశాననే అనుకున్నాను. సీట్లు ఇచ్చే వారం మా ఆయన శైలేందర్ ఎరువుల షాపు నుంచి వచ్చి "రాలే" అన్నాడు. నువ్వే చూసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. చూడాలంటే లాగిన్ కావాలి. లాగిన్ కావాలంటే ఓటీపీ రావాలి. అది ఆయన ఫోన్‌కు వస్తుంది, ఆయన షాపులో ఉంటాడు. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటి పేరు మార్చిన రోజే ఫోన్ నంబరు కూడా మార్పించాడు. నా బ్యాంకు, నా జీతం, నా పరీక్ష, అన్నీ ఆ నంబరు మీదే. భర్త మాట నమ్మితే సరిపోయేదానికి ఓటీపీ ఎందుకనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఆ ఆదివారమే బండి మీద పోచారం ప్రాజెక్టుకు తీసుకుపోయాడు. కట్ట మీద కూర్చొని ఏడిస్తే తన దస్తీతో కళ్లు తుడిచాడు. "ఫికర్ జెయ్యకు, సీటు రాకుంటే ఏమైతది, నేను లేనా?" అన్నాడు. మిర్చి బజ్జీలు తినిపించాడు, వచ్చేటప్పుడు చీర కొన్నాడు. ఎంత మంచి మొగుడు దొరికాడనుకున్నాను. ఎస్తేర్ మేడమ్‌కు ఫోన్ చేసి, "నాకంత తెలివి లేదు మేడమ్," అని కూడా చెప్పాను.

"అప్లై జేస్తె జేయి గాని," అంది అత్తమ్మ, "సీటచ్చినా వాడు పోనిస్తడా? నిరుడు గట్లనే ఆయె గద."

"నిరుడేమైంది?"

"సీటచ్చిందని వాని ఫోన్ల పడలేదా? నాకు సదివి ఇనిపిచ్చిండు. గప్పుడే నాట్లు సురువైనయి. కోడలు పట్నం పోతె ఇల్లెవ్వరు సూస్తరని నేనే అన్న. సాయిలత గూడ ఫోన్ల గదే అన్నది. నీకు మెల్లగ చెప్తనన్నడు, చెప్పలేదా?" అని, "అగో, గా ముక్కకు తడి ఉన్నది సూడు," అంది.

సాయిలత మా ఆడబిడ్డ. ఆమెకూ తెలుసన్నమాట.

ముక్క తుడిచాను. చేతులు వాటంతట అవే పనిచేస్తున్నాయి. ఒళ్లంతా మంటెత్తిపోయింది. ఏడుపు రాలేదు, అదంతా నిరుడే కట్ట మీద అయిపోయింది. ఏడాది పాటు నన్ను నేను మొద్దునని తిట్టుకుంటుంటే వీళ్లంతా ఊ కొట్టారే!

మధ్యాహ్నం ఆయన బువ్వకు వచ్చాడు. వడ్డించాను.

"నిరుడు నాకు సీటచ్చిందట."

తల్లి వైపు చూశాడు. తర్వాత కంచం వైపు. "అవ్వ చెప్పిందా?"

"నువ్వు చెప్పలే గద."

"చెప్తె పోతనంటవ్. నేను వద్దంట. లొల్లి అయితది. నిన్ను బాధ వెట్టుడెందుకని చెప్పలే."

"పోచారం కట్ట మీద నేను ఏడ్వలేదా?"

"గందుకే గద చీర కొనిచ్చిన."

నిజాయితీగా అన్నాడు. అదే నేను భరించలేకపోయాను. దొంగలా తడబడినా బాగుండేది. అన్నం కలుపుకుంటూ, "సరె, ఈసారి చేసుకో. ఓటీపీ అస్తె నేనే ఫోన్ జేసి చెప్త," అని పప్పు ఇంకొంచెం అడిగాడు.

మర్నాడు స్కూల్‌కు సెలవు పెట్టాను. "పొయ్యి ముట్టియ్యలే అత్తమ్మా. బియ్యం ఏ డబ్బల ఉన్నయో నీ కొడుక్కు చూపియ్యి," అని కామారెడ్డి బస్సెక్కాను. కొత్త సిమ్ కొన్నాను. ఆధార్ సెంటర్లో వేలిముద్రలు వేసి నంబరు మార్చమన్నాను. "సార్ రాలేదా మేడమ్?" అని అడిగారు. "సార్ వేలిముద్ర కావాల్నా?" అన్నాను. రసీదు చేతికిచ్చారు.

నంబరు మారినట్టు నా ఫోన్‌కే మెసేజ్ వచ్చాక మళ్లీ కామారెడ్డి పోయాను. ఈసారి నెట్ సెంటర్‌కు. అక్కడ త్రివేణి అని ఒకమ్మాయి అప్లికేషన్లు నింపుతుంది. నా పాత హాల్ టికెట్ నంబరు, నా ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టగానే స్క్రీన్ చూసి, నన్ను చూసింది.

"అక్కా, నీకు నిరుడే సీటచ్చింది గద! చేరలేదేంది?"

"అచ్చింది," అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

"సీటచ్చి చేరకపోతె కారణం రాయాలంట. ఆరోగ్యం బాగలేదని కొట్టాల్నా? ఆడోళ్లందరు గదే రాపిస్తరు."

"వద్దు. జెర జరుగు చెల్లె, నేను కొడ్త."

తెలుగు టైపింగ్ నాకంత రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను.

"నాకు సీటు వచ్చిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప."