లెక్కలో లేని అద్దం

మధ్యాహ్నం రెండున్నరకి, అందరూ 'డిప్లొమా' అని పిలిచే మెకానిక్ పనిముట్ల బోర్డు ముందు నిలబడి తన ఇత్తడి బిళ్ళలు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటున్నాడు. విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో పద్ధతి అది. పనిముట్టు తీసుకుంటే దాని మేకుకు బిళ్ళ తగిలించాలి, తిరిగి పెట్టాక బిళ్ళ తీసుకోవాలి. ఒక్క మేకుకు బిళ్ళ మిగిలినా విమానం కదలదు. ఏడు బిళ్ళలూ వచ్చాయి. అలవాటుగా చొక్కా జేబు తడుముకున్నాడు.

అద్దం లేదు.

కన్ను దూరని మూలలు చూసే చిన్న గుండ్రటి అద్దం, పొడవాటి పుల్లకు బిగించినది. విమానాల డిప్లొమా చదివే రోజుల్లో కొనుక్కున్నాడు. సొంత పనిముట్లు తేకూడదని గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడ పక్కనుంచే తెస్తున్నాడు మహానుభావుడు.

అతని అసలు పేరు అక్కడెవరికీ గుర్తులేదు. తనతో చదివినవాళ్ళలో ఒకడు బడిలో లెక్కలు చెబుతున్నాడు, ఒకడు ఏసీలు బాగుచేస్తున్నాడు, ఇంకొకడు బస్సు తోలుతున్నాడు. విమానాన్ని వదలనివాడు ఇతనొక్కడే. వదలక ఒరిగిందేమిటంటే, చాకిరీ ఇతనిది, సంతకం డిగ్రీవాళ్ళది. లైసెన్సు పరీక్షలు ఒక్కో పేపరే రాసి, జుట్టు నెరిశాక గట్టెక్కాడు. విమానం ఎగరొచ్చని కాగితాల మీద వేసే ముద్ర, ఇతని నంబరుతో చేసినది, పొద్దునే ఇంజనీరు బల్లమీదికొచ్చింది. సాయంత్రం విమానం వెళ్ళాక చేతిలో పెడతామన్నారు.

"ఇవాళైనా వేళకి రండి. ఆ ముద్ర ఎలా పడుతుందో కాగితం మీద వేసి చూపించాలి" అంది భార్య పొద్దున బయల్దేరేటప్పుడు, ఉతికిన చొక్కా అందిస్తూ.

అద్దం ఎక్కడుందో అతనికి తెలుసు. పొద్దున పైలట్ సీటు కింద, విమానాన్ని తిప్పే ఉక్కు తీగలు చూడటానికి అద్దంతో తల దూర్చాడు. ఆపైన రేకు మూసి నలభై స్క్రూలు తనే బిగించాడు. బోర్డు లెక్కలో లేని వస్తువు, ఎవరూ అడగరు. నోరు మూసుకుంటే ముద్ర తనది. కానీ గాలిలో ఆ అద్దం జారి తీగలకు అడ్డం పడితే? అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయాడు. అంతలో పైలట్ వచ్చి, చక్రాన్ని బూటుతో తట్టి, ఇతన్ని చూసి నవ్వాడు. ఆ నవ్వు అతను భరించలేకపోయాడు.

నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్ళి చెప్పేశాడు. ఇంజనీరుకి రివెట్టు కొట్టడం నేర్పింది ఇతనే.

"బోర్డు లెక్క సరిపోయిందిగా, అన్నా. ఎందుకు తవ్వుకుంటావు?" అన్నాడు ఇంజనీరు, గొంతు తగ్గించి.

"రేపట్నుంచి నా ముద్రే కదా సార్ పడేది. ఇవాళే కళ్ళు మూసుకుంటే ఎట్లా?"

ఇంజనీరు ఫోనెత్తాడు.

రేకు విప్పారు. అద్దం తీగల కప్పీకి వేలెడు దూరంలో ఒరిగి ఉంది. దాన్ని సంచిలో వేసి సీలు చేశారు. విమానం గంటన్నర ఆలస్యంగా ఎగిరింది. అది ఎగరకముందే, ఇతను వెంటనే ఇంటికి పోవాలని, రేపట్నుంచి షెడ్డులోకి రావద్దని పైనుంచి మాటొచ్చింది. ఇతని తరఫున పైవాళ్ళకి తను రాస్తానన్నాడు ఇంజనీరు, ముఖంలోకి చూడకుండానే.

డిప్లొమా తన ఏడు బిళ్ళలూ ఇంజనీరు బల్లమీద పెట్టాడు. ఇవాళ నిజంగానే వేళకి ఇల్లు చేరతానని గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. చొక్కా ఖాళీ జేబు సర్దుకుని, గేటు దాటి వెళ్ళిపోయాడు.

బిళ్ళల పక్కనే ముద్ర, ప్లాస్టిక్ కవరు విప్పకుండా, రబ్బరుకు సిరా చుక్కయినా అంటకుండా ఉంది.