పది నిమిషాల వీడియో ధర

తొంభై మూడులో లక్సెట్టిపేట చుట్టుపక్కల పెళ్లిళ్లకు వీడియో తీసేవాణ్ణి. మూడు గంటల క్యాసెట్టు నింపితే రెండు వేలు. నింపడానికి తినేవాళ్ల విస్తళ్లను కూడా వీడియో తీసేవాణ్ణి. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

ఒక సిమెంటు ఫ్యాక్టరీ మేనేజరు జైపాల్‌రావు గారు పిలిచి, కొత్త కూలీలకు చూపించడానికి పనిలో జాగ్రత్తల మీద పది నిమిషాల వీడియో కావాలన్నారు. ధర రాసి తెమ్మన్నారు. నా నిమిషాల లెక్కన నూట పదకొండు రూపాయలు! తీయడానికేమో నాలుగు రోజులు, కరీంనగర్‌లో ఎడిటింగుకు ఇంకో రెండు రోజులు.

తల పట్టుకుని కూర్చుంటే, కుట్టుమిషను ముందున్న నా భార్య మగ్దలేనమ్మ కసిరింది.

"గింత పరేషాన్ ఎందుకు? ఆరు గజాల చీరకు ఫాల్ కుడితే ఐదు రూపాయలు తీస్కుంట, మీటరు లేని జాకెట్‌కు పదిహేను. నేను బట్టను జూసి అడుగుతున్ననా, పనిని జూసి అడుగుతున్ననా?"

ఆరు వేలని రాసి పట్టుకుపోయాను. జైపాల్‌రావు గారు కాగితం చూసి కళ్లజోడు తీశారు.

"పోయినసారి ఒకాయన గంటన్నర తీసిండు. సగం మంది నిద్రపోయిండ్రు. నువ్వు ఐదు నిమిషాల్ల చెప్తవా?"

"చెప్త సార్. కానీ ఇంకో వెయ్యి ఎక్కువైతది. ఏది ఉంచాల్నో, ఏది తీసెయ్యాల్నో ఏరుడే అసలు పని."

అంత ధైర్యం నాకెక్కడిదో! ఆయన పెద్దగా నవ్వి, ఆరును ఏడుగా దిద్ది సంతకం పెట్టారు.

గేటు దాటి సైకిలెక్కాక గానీ నాకు ఊపిరాడలేదు.